ఒకటికి మించి లాప్‌టాప్‌లు కొంటున్నారా? ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడలో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం నడుపుతున్నాను. కేంద్రానికి మూడు విడతలుగా లాప్‌టాప్‌లు కొన్నాను. మొదటి విడతలో డబ్బు పోగొట్టుకున్నాను, తరువాతి రెండు విడతల్లో నేర్చుకున్నాను. అప్పటి నుంచి గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం నుంచి బడులు నడిపేవారు, చిన్న కార్యాలయాలవారు, ఇద్దరు పిల్లల్ని ఇంజినీరింగ్‌లో చేర్చిన తల్లిదండ్రులు ఫోను చేసి అడుగుతూనే ఉన్నారు. వారు అడిగిన ప్రశ్నలూ, నాకు తెలిసిన జవాబులూ ఇవి.

ఎన్ని కొంటే తగ్గింపు అడగవచ్చు?

రెండు కొన్నా అడగండి. అయితే రెండింటికి దుకాణదారు తన లాభంలోంచే కొంత వదులుకోవాలి కాబట్టి పెద్దగా తగ్గదు. ఐదారు అనేసరికి అతడు తనకు సరకు ఇచ్చే డిస్ట్రిబ్యూటర్‌కు ఫోను చేస్తాడు. పది దాటితే మాట కంపెనీ వరకు వెళ్తుంది. అంటే సంఖ్య పెరిగేకొద్దీ తగ్గింపు ఇచ్చే మనిషి మారతాడు. మీరు బేరం ఆడుతున్నది ఎవరి జేబుతోనో తెలిస్తే ఎంత అడగాలో తెలుస్తుంది.

బట్టల దుకాణంలో సగానికి అడిగినట్టు అడగకూడదా?

వద్దు. లాప్‌టాప్‌ మీద చిల్లర దుకాణదారుకు మిగిలేది చాలా తక్కువ. పైగా ఆ మోడల్‌ ఆన్‌లైన్‌లో ఎంత ఉందో ఈ రోజుల్లో అందరికీ తెలుసు. సగానికి అడిగితే మీకు ఈ సరకు గురించి తెలియదని అతడికి అర్థమవుతుంది. అప్పుడు ధర తగ్గించినట్టే చెప్పి తక్కువ రకం మోడల్‌ అంటగట్టే అవకాశం ఉంది. పేరు ఒకటే అయినా లోపలి ప్రాసెసర్, తెర, బ్యాటరీ వేరుగా ఉండే మోడళ్లు ఎన్నో ఉన్నాయి. అందుకే ధర గురించి నోరు తెరిచే ముందు పూర్తి మోడల్‌ నంబరు రాయించుకోండి. పెట్టె మీద ఉండే ఆ పొడవాటి నంబరు ఒక్కటే రెండు కొటేషన్లను సరిగా పోల్చనిస్తుంది.

కంపెనీ ఇచ్చే ప్రత్యేక ధర అంటే ఏమిటి? అది మాలాంటి చిన్నవారికి వస్తుందా?

వస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియక ఎక్కువ చెల్లిస్తున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చాలా కంపెనీలు రెండు రకాల లాప్‌టాప్‌లు చేస్తాయి. డెల్‌ ఇన్‌స్పిరాన్, హెచ్‌పీ పెవిలియన్ (ఈ రెండూ పాత పేర్లు), లెనోవో ఐడియాప్యాడ్, ఆసుస్‌ వివోబుక్‌ ఇళ్ల కోసం చేసినవి. డెల్‌ లాటిట్యూడ్ (2025 నుంచి కొత్తవాటి పేరు డెల్‌ ప్రో), హెచ్‌పీ ప్రోబుక్, లెనోవో థింక్‌ప్యాడ్, ఆసుస్‌ ఎక్స్‌పర్ట్‌బుక్‌ సంస్థల కోసం చేసినవి. దుకాణం అద్దాల బీరువాలో కనిపించేవి ఎక్కువగా మొదటి రకం. వాటి ధర కంపెనీ ముందే కట్టేసి ఉంటుంది. రెండో రకానికి రాసి ఉన్న ధర వేరు, అమ్మే ధర వేరు. ఫలానా సంస్థ ఇన్ని కొంటోందని డీలర్‌ కంపెనీకి తెలియజేస్తే కంపెనీ ఆ కొనుగోలు వరకు ఒక ప్రత్యేక ధర మంజూరు చేస్తుంది. వ్యాపారులు దీన్నే డీల్‌ రిజిస్ట్రేషన్‌ అంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సాధారణంగా మీ సంస్థ పేరును ముందుగా నమోదు చేసిన డీలర్‌కే కంపెనీ ఆ మంచి ధర కట్టబెడుతుంది. తరువాత అడిగినవాడికి అదే మోడల్‌ మీద అంత ధర రాదు. మీరు పోటీ పెడదామని ఒకే కంపెనీకి చెందిన ముగ్గురు డీలర్లకు సంస్థ పేరు, జీఎస్టీ నంబరు, కావలసిన సంఖ్య ఒకేసారి పంపితే, ముందు లేచినవాడు మీ పేరును తన ఖాతాలో వేసుకుంటాడు. మిగిలిన ఇద్దరూ కావాలన్నా తగ్గించలేరు. పోటీ పెట్టామని మీరు అనుకుంటారు కాని అక్కడ పోటీయే లేదు.

నేను ఇప్పుడు చేసేది వేరు. ఒక కంపెనీకి ఒకే డీలర్‌ను ఎంచుకుంటాను. అమ్మాక పలికే మనిషా కాదా అని ముందు నలుగురిని అడుగుతాను. డెల్‌కు ఒకరు, హెచ్‌పీకి ఒకరు, లెనోవోకు ఒకరు. అప్పుడు పోటీ కంపెనీల మధ్య నడుస్తుంది. ఎవరికి వారు తమ కంపెనీని గట్టిగా అడుగుతారు. ఎవరిని ఎంచుకోవాలో తేలేవరకు ఊరికే ధర వాకబు చేస్తున్నప్పుడు సంస్థ పేరు చెప్పకండి.

రాయగడలోనే కొనాలా, విశాఖపట్నం వెళ్లాలా?

రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ చేరతాం. ద్వారకానగర్‌లో నాలుగు మెట్లు ఎక్కి దిగితే నాలుగు ధరలు తెలుస్తాయి. బరంపురంవారికి భువనేశ్వర్‌ కూడా అందుబాటులోనే ఉంది. సరకు ఎక్కువగా తిరిగే ఊళ్లో మోడళ్లు ఎక్కువ దొరుకుతాయి, ధర కూడా కాస్త మెత్తగా ఉంటుంది. అది నిజమే.

కాని కొటేషన్‌ తెచ్చుకున్నాక మన ఊరి దుకాణానికి ఒకసారి తప్పక చూపించండి. ఒక్కో లాప్‌టాప్‌కు మూడు నాలుగు వందల తేడా వచ్చినా నేను ఇక్కడే కొంటాను. కీబోర్డు పాడైనప్పుడు, ఛార్జర్‌ కాలినప్పుడు విశాఖకు మోసుకుపోవలసిన పని ఉండదు. పైగా మన రాష్ట్రం బిల్లు కాబట్టి పన్నుల తలనొప్పి ఉండదు. ఆ తలనొప్పి ఎలాంటిదో తరువాతి జవాబులో చదవండి.

రాష్ట్రం దాటి కొంటే జీఎస్టీ విషయంలో ఏమి చూసుకోవాలి?

నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. అందుకే ఈ ఒక్క జవాబునైనా రెండుసార్లు చదవమని కోరుతున్నాను.

లాప్‌టాప్‌ మీద జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబరు 22న చాలా వస్తువుల పన్ను మారినా లాప్‌టాప్‌ది మారలేదు. అమ్మేవాడూ సరకు చేరే చోటూ ఒకే రాష్ట్రంలో ఉంటే ఆ 18 శాతం సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9గా బిల్లులో కనిపిస్తుంది. సరకు రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ 18 అని ఒకే వరుసలో ఉంటుంది. కట్టే మొత్తం ఒకటే. తేడా అంతా ఆ పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోవడంలో ఉంది.

ఒడిశాలో జీఎస్టీ నమోదు ఉన్నవారికి ఐజీఎస్టీ అయితే తాము కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే వీలు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌ ఎస్జీఎస్టీతో బిల్లు వస్తే ఒడిశా నమోదు మీద ఆ బిల్లుకు క్రెడిట్‌, అంటే ఆ తగ్గింపు, రాదు. లెక్క చూడండి. ఒక్కొక్కటి పన్నుతో కలిపి 42,000 చొప్పున పది కొన్నారు అనుకుందాం. మొత్తం 4,20,000. అందులో పన్ను సుమారు 64,000. మీరు రెండు రోజులు బేరమాడి నాలుగు శాతం తగ్గించుకున్నా మిగిలేది 16,800. బిల్లులో ఒక్క వరుస తప్పు పడితే దానికి దాదాపు నాలుగింతలు పోతుంది. మొదటి విడతలో నాకు జరిగింది ఇదే. బేరం బాగా కుదిరిందన్న సంతోషంలో మా జీఎస్టీ నంబరు ఇవ్వడం మరిచాను. దుకాణంవారు మామూలు కొనుగోలుదారుకు వేసినట్టు బిల్లు వేశారు, పెట్టెలు కారులో వేసుకుని వచ్చేశాను. నెలల తరువాత మా లెక్కల ఆడిటర్‌ బిల్లు చూసి తల పట్టుకున్నారు.

కాబట్టి కొటేషన్‌ అడిగేటప్పుడే మీ జీఎస్టీ నంబరుతో, ఐజీఎస్టీతో బిల్లు ఇస్తారా అని అడగండి. మన నంబరు 21తో మొదలవుతుంది, అది ఒడిశా కోడ్‌. ఆంధ్రప్రదేశ్‌ దుకాణం నంబరు 37తో మొదలవుతుంది. బిల్లులో సరకు చేరవలసిన చిరునామా మీ ఊరిదే ఉండాలి. గల్లా దగ్గరే పెట్టెలు చేతికి తీసుకుంటే సరకు అక్కడే అందిందని చెప్పి ఆంధ్ర పన్నులు వేసే దుకాణాలు ఉన్నాయి. దుకాణంవారినే రవాణాలో పంపమనడం మేలు. వచ్చే నెల 14 తరువాత జీఎస్టీ పోర్టల్‌లో మీ 2బీ పట్టికలో (మీకు అమ్మినవారు చూపిన బిల్లుల జాబితాలో) ఆ బిల్లు కనబడుతోందో లేదో చూసుకోండి.

తప్పు బిల్లు ఇప్పటికే వచ్చి ఉంటే కూర్చోకండి. అమ్మినవారు క్రెడిట్‌ నోటు (పాత బిల్లును వెనక్కి తీసుకున్నట్టు రాసే పత్రం) ఇచ్చి కొత్త బిల్లు వేయవచ్చు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే దానికి గడువు. ఎంత త్వరగా అడిగితే అంత సులువుగా చేసిపెడతారు.

మాది బడి. మాకు జీఎస్టీ నంబరు లేదు. ఇదంతా మాకు అవసరమా?

బడి చదువుకు జీఎస్టీ లేదు కాబట్టి కొన్నవాటి పన్ను వెనక్కి రాదు. బిల్లులో ఏ పన్ను పేరు ఉన్నా మీకు అదే ఖర్చు. మీరు చూడవలసింది వేరే ఉంది. తగ్గింపును బిల్లులోనే చూపించమని అడగండి. అమ్మేటప్పుడే ఇచ్చి బిల్లులో రాసిన తగ్గింపు మీద పన్ను పడదు. పన్ను కలపని ధరలో 1,500 తగ్గిస్తే మీకు మిగిలేది 1,770. అదే తగ్గింపును తరువాత చేతికిస్తామంటే ఆ 270 మీకు రాదు.

బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోకండి. వారంటీకి ఆధారం బిల్లు. దొంగతనం జరిగితే పోలీసులకు చూపవలసిందీ, బీమా అడిగేటప్పుడు జతచేయవలసిందీ అదే. అక్రమంగా చేరిన సరకూ, ఎవరో వాడి తిప్పి ఇచ్చిన పెట్టెలూ చాలాసార్లు ఇలాగే బయటికి వెళ్తాయి.

దారిలో తనిఖీ జరిగితే?

రాష్ట్రం దాటే సరకు విలువ పన్నుతో కలిపి 50,000 మించితే ఈ-వే బిల్లు (సరకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) ఉండాలి. రెండు లాప్‌టాప్‌లతోనే ఆ హద్దు దాటుతుంది. దుకాణంవారే తీసి ఇవ్వగలరు. ఇచ్ఛాపురం దాటి బరంపురం వచ్చినా, పాతపట్నం దాటి పర్లాకిమిడి వచ్చినా ఇదే నియమం. ఊరు పక్కనే కదా అని వదిలేయకండి.

ఏ నెలలో కొంటే ధర బాగా తగ్గుతుంది?

అమ్మేవారి లక్ష్యాలు మూడు నెలలకు ఒకసారి ముగుస్తాయి. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు చివరి పది రోజుల్లో డీలర్‌కు సంఖ్య కావాలి, మీ దగ్గర సంఖ్య ఉంది. కంపెనీల సంవత్సరాలు కూడా ఒక్కలా ఉండవు. లెనోవో సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, హెచ్‌పీది అక్టోబరు 31తో, డెల్‌ది జనవరి చివర. దసరా, దీపావళి అమ్మకాలు హెచ్‌పీ సంవత్సరాంతానికి దగ్గరగా పడతాయి. అప్పుడు అడిగి చూడండి. బడులు తెరిచే జూన్‌ మొదట్లో అందరికీ ఒకేసారి కావాలి కాబట్టి బేరానికి పట్టు ఉండదు.

వ్యాపారం చేసేవారికి ఇంకో మాట. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ల మీద ఏటా 40 శాతం తరుగుదల చూపవచ్చు. ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే వస్తుంది. అక్టోబరు తొలి రోజుల్లోపే కొని వాడుకలో పెడితే మార్చిలో దొరికే చిన్న తగ్గింపుకన్నా అదే ఎక్కువ కావచ్చు. మీ ఆడిటర్‌ను అడిగి నిర్ణయించుకోండి.

మాట ఎలా మొదలుపెట్టాలి? నాకు బేరమాడటం చేతకాదు.

నాకూ మొదట్లో మొహమాటం ఉండేది. కాగితం మీద రాసి ఇచ్చాక అది పోయింది. ఇలా రాసి వాట్సాప్‌లో పంపండి:

"మాకు 8 లాప్‌టాప్‌లు కావాలి. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, అసలైన విండోస్‌ 11, మా చోటికే వచ్చి బాగుచేసే వారంటీ. పూర్తి మోడల్‌ నంబరు, పన్ను లేని ధర, పన్ను, రాయగడ వరకు రవాణా ఖర్చు విడివిడిగా రాయండి. ఈ ధర ఏ తేదీ వరకు ఉంటుందో చెప్పండి. నచ్చితే ఈ శుక్రవారం అడ్వాన్సు ఇస్తాం."

చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. ఊరికే ధర అడిగేవారు రోజుకు పదిమంది వస్తారు. ఫలానా రోజు డబ్బు ఇస్తానన్నవారికే డీలర్‌ పైకి ఫోను చేస్తాడు. అన్నాక ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. మన ఊళ్లు చిన్నవి, వ్యాపారులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

ఎదురుగా కూర్చున్నప్పుడు తెలుగు వ్యాపారిని "అన్నా" అంటాం, ఒడియా వ్యాపారిని "భాయినా" అంటాం. "టికే కమ్‌ కరంతు" అని వారి మాటలో నవ్వుతూ అడిగితే పెద్దరికం ఇచ్చినట్టు ఉంటుంది, పని కూడా జరుగుతుంది. ఇంకో దుకాణం కొటేషన్‌ ఉంటే నిజమైనదే చూపించండి. లేని ధర చెప్పి బెదిరించకండి. కొన్న ధర ఎంతో వారికి తెలుసు, అబద్ధం వెంటనే పట్టుబడుతుంది.

ఇక ఒక్క రూపాయి తగ్గదంటున్నారు. అంతేనా?

ధర తగ్గనప్పుడు కొసరు అడగండి. అసలు కన్నా కొసరు ముద్దు అన్నది లాప్‌టాప్‌ల విషయంలో అక్షరాలా నిజం. దుకాణదారుకు లాప్‌టాప్‌ మీద కన్నా విడిభాగాల మీద ఎక్కువ మిగులుతుంది కాబట్టి అక్కడ అతడి చేయి కాస్త తేలిగ్గా లేస్తుంది.

నా వరుస ఇది. మొదట వారంటీ పొడిగింపు. ఒకటికి బదులు మూడేళ్లు ఉంటే పిల్లలు వాడే చోట చాలా నిశ్చింత. అయితే ఇంటికే వచ్చే సేవ అన్ని పిన్‌కోడ్లకూ ఒకేలా అందదు. మీ పిన్‌కోడ్‌ చెప్పి, ఉదాహరణకు రాయగడకు 765001, అక్కడికి ఇంజినీరు వస్తారా అని కంపెనీనే అడిగి నిర్ధారించుకోండి. రాని సేవకు డబ్బు కట్టినట్టు కాకూడదు. రెండోది ర్యామ్‌. 8 జీబీని 16 చేయించుకోండి, కాని కొన్ని మోడళ్లలో ర్యామ్‌ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచడం కుదరదు. ముందే కనుక్కోండి. మూడోది రెండు అదనపు ఛార్జర్లు. పదిమంది వాడేచోట ఏడాది తిరగకముందే ఒక ఛార్జర్‌ పోతుంది. బ్యాగులు, మౌస్‌లు అన్నిటికన్నా చివర అడగండి. వాటిని చూపించి పెద్దవి మరిపించే అలవాటు కొందరికి ఉంది.

విండోస్‌ లేని లాప్‌టాప్‌ను తక్కువకు ఇచ్చి, అందులో దొంగ విండోస్‌ వేసి ఇస్తామంటే దాన్ని తగ్గింపుగా లెక్కించకండి.

మేము నాలుగు కుటుంబాలవాళ్లం కలిసి కొంటే?

మంచి ఆలోచన. గుణుపురంలో ఇంజినీరింగ్‌ చదివే పిల్లల తల్లిదండ్రులు ఇలా కలిసి కొనడం చూశాను. అయితే గంపగుత్తగా ధర మాట్లాడి, బిల్లులు మాత్రం ఎవరి పేరున వారికి వేయించుకోండి. ఒకరి పేరున నాలుగూ ఉంటే రేపు వారంటీకీ, అమ్ముకోవడానికీ ఆయన ఇంటి చుట్టూ తిరగాలి. ఆపిల్, హెచ్‌పీ వంటి కంపెనీలు విద్యార్థులకు విడిగా ధర ఇస్తాయి. కలిసి కొనే ధరను దానితో పోల్చి చూడండి. ఒక్కోసారి విడిగా కొనడమే చవక.

ఆన్‌లైన్‌లో కొంటే బేరం ఉండదా?

ఉంటుంది, రూపం వేరు. అమెజాన్‌ బిజినెస్‌లో జీఎస్టీ నంబరుతో ఖాతా తెరిస్తే సంఖ్యను బట్టి ధర అడగవచ్చు, పన్ను బిల్లు కూడా వస్తుంది. మామూలు ఖాతాలో పండుగ ధరకు ఒక్కొక్కరికి ఇన్నే అన్న హద్దు ఉంటుంది. కార్డు తగ్గింపు కూడా చాలాసార్లు కార్డుకు ఒక్కసారే.

వడ్డీ లేని వాయిదాలు అంటున్నారు. మేము మొత్తం ఒకేసారి కడితే?

ఆ వడ్డీని ఎవరో ఒకరు భరిస్తున్నారు. వడ్డీకి సరిపడా తగ్గింపు ధరలోంచి ఇచ్చి సరిచేస్తారు. మీరు ఒకేసారి కడుతుంటే "ఆ తగ్గింపు నాకు ధరలోనే ఇవ్వండి" అని అడిగే హక్కు మీకు ఉంది. వాయిదాలే కావాలంటే, క్రెడిట్‌ కార్డు వాయిదాల వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుందని గుర్తుంచుకోండి.

వాడిన లాప్‌టాప్‌లు పదింటిని లాట్‌గా తీసుకోవచ్చా?

టైపింగ్‌ నేర్పడానికి, ఆన్‌లైన్‌ నమూనా పరీక్షలు రాయించడానికి అవి చాలు. సికింద్రాబాద్‌ చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌లో ఇలాంటివి చాలా దొరుకుతాయి. ఒక్కటి చూడండి. విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్‌ 11కు ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్‌ కావాలి. ఆరో తరం, ఏడో తరం లాట్‌ చవకగా వచ్చిందంటే కారణం అదే కావచ్చు. ప్రతి దానికీ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో నడిపించి చూసి, నచ్చనివి పక్కన పెట్టే షరతు మీదే ధర మాట్లాడండి.

మాది ప్రభుత్వ బడి.

అయితే మీ దారి జెమ్‌ పోర్టల్, అంటే ప్రభుత్వ సంస్థలు సరకు కొనే వెబ్‌సైటు. ప్రధానోపాధ్యాయులు శాఖ నియమాలను అడిగి మొదలుపెట్టాలి.

డబ్బు ఎలా ఇవ్వాలి?

కొటేషన్‌ మీద సంతకం, ముద్ర తీసుకున్నాక కొంత అడ్వాన్సు, మిగిలింది సరకు చేరాక. బిల్లు మీద ఉన్న సంస్థ పేరుతోనే ఉన్న ఖాతాకు పంపండి, యజమాని సొంత ఫోను నంబరుకు కాదు. ఒకరి దగ్గర ఒక కొనుగోలుకు రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడుతుంది. నగదు ఇస్తే ఇంకా తగ్గిస్తామన్న మాట దగ్గరే ఆగిపోండి.

పెట్టెలు వచ్చాక ఏమి చూడాలి?

సీళ్లు విప్పే ముందే లెక్కపెట్టి, విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. పెట్టె మీద, లాప్‌టాప్‌ అడుగున, బిల్లులో ఉన్న సీరియల్‌ నంబర్లు మూడూ ఒకటేనా చూడండి. బిల్లులో నంబర్లు లేకపోతే రాయించుకోండి. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. దుకాణంలో నెలల తరబడి పడి ఉన్న సరకుకు కొన్నిసార్లు వారంటీ ముందే మొదలై ఉంటుంది. బిల్లు చూపిస్తే కంపెనీ ఆ తేదీ సరిచేస్తుంది. అడుగున బీఐఎస్‌ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉండాలి. అడిగిన ర్యామ్‌ ఉందో లేదో ప్రతి లాప్‌టాప్‌లోనూ తెరిచి చూడండి. మా రెండో విడతలో ఎనిమిదింటిలో ఒకదానికి సగం ర్యామే ఉంది. వీడియో ఉంది కాబట్టి మర్నాడే మార్చి ఇచ్చారు. ఇవన్నీ సరిగా ఉన్నాకే మిగిలిన డబ్బు పంపండి.